జో, జెట్‌ల నాన్న గురించి ఒక వంతెనల ఇంజినీరు ఉత్తరం

ఎడిటర్ గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో బెల్జియం బొమ్మల కథల మీద వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది. కుర్ర విలేకరి టిన్‌టిన్‌నీ, వాడి తెల్ల కుక్కపిల్లనీ, తిట్ల దండకం చదివే కెప్టెన్‌నీ ముచ్చటగా పరిచయం చేశారు. అయితే రెండో పేజీలో, మూడో కాలమ్ చివర, 'ఎర్జే జీవితమంతా టిన్‌టిన్ తప్ప మరొకటి గియ్యలేదు' అని, టిన్‌టిన్‌ని గీసిన ఎర్జే గురించి ఒక వాక్యం పడింది. అది తప్పండి. ముప్పై ఆరేళ్ళు రోడ్లు భవనాల శాఖలో ఎం-బుక్కులు, అంటే పనుల కొలతల పుస్తకాలు, రాసినవాణ్ణి, కొలత తప్పు కనిపిస్తే ఎర్ర సిరాతో గీత గియ్యకుండా ఉండలేను. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, క్షమించాలి. ఎంతవరకు వేసుకుంటారో మీ ఇష్టం.

ముందు నాకు ఈ సంగతులు ఎలా తెలిశాయో చెప్పాలి. మా అమ్మాయి, అల్లుడు ల్యూవెన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. బ్రస్సెల్స్‌కి తూర్పున, రైల్లో అరగంట దూరంలో ఉండే ఊరు. పోయినేడు వేసవిలో మూడు నెలలు అక్కడ ఉన్నాను. మా ఆవిడకి వంటిల్లూ, టీవీ సీరియళ్ళూ దొరికాయి. నాకు దొరికిన పని మనవణ్ణి బడి నుంచి తీసుకురావడం. వాడికి ఎనిమిదేళ్ళు. ఆ ప్రాంతంలో డచ్చి భాష కాబట్టి బళ్ళో అంతా డచ్చే. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గానీ క్రియలన్నీ పొరపాటుగా వాక్యం మధ్యలో అతికిస్తాడు. ఒకరోజు బడి లైబ్రరీ నుంచి బొమ్మల పుస్తకం తెచ్చి 'తాతయ్యా, కౌఫ్యె' అన్నాడు. చూస్తే టిన్‌టిన్. డచ్చిలో వాడి పేరు అదేనట. నుదుటి మీద లేచి నిలబడ్డ ఆ జుట్టు ఉందే, దాన్నిబట్టి పెట్టిన పేరు. మన భాషలో అయితే 'పిలకబాబు' అనాలి. నాకు తెలుగులో వాడికి ఇంతకంటే మంచి పేరు తోచలేదు.

ఆ మర్నాడు వాడు తెచ్చిన పుస్తకంలో పిలకబాబు లేడు. గీత అదే, ఆ శుభ్రమైన, ఒకే మందం ఉన్న నల్ల గీత. రంగులూ అవే. మనుషులు మాత్రం వేరు. ఒక అన్న, ఒక చెల్లి, ఒక చింపాంజీ. వెనక కుర్చీలో పేపరు చదువుకుంటూ ఒక నాన్న. ఆ నాన్న ఇంజినీరు!

ఎడిటర్ గారూ, అరవై ఏడేళ్ళ వయసులో నేను బొమ్మల పుస్తకానికి అతుక్కుపోవడానికి కారణం ఇదే.

అది 'జో, జెట్, జోకో' అనే వరస. ఎర్జే దీన్ని 1936లో మొదలుపెట్టాడు. ఎందుకు మొదలుపెట్టాడన్నది తమాషా కథ. అప్పటికి టిన్‌టిన్ పుట్టి ఏడేళ్ళయింది. ఫ్రాన్సులో 'కర్ వాయాన్' అనే పిల్లల వారపత్రిక ఉండేది, క్యాథలిక్ ఫాదరీలు నడిపేది. టిన్‌టిన్‌ని వాళ్ళూ వేసుకునేవారు. ఆ ఫాదరీలకు ఒక సందేహం వచ్చింది. ఈ కుర్రాడికి అమ్మానాన్నా లేరు, బడికి వెళ్ళడు, జీతం తీసుకున్నట్టు కనపడడు, తిండీ నిద్రా కూడా అంతంత మాత్రం, ఇదేం పద్ధతి? కష్టపడి పనిచేసే తండ్రి, తల్లి, చెల్లెలు, పెంపుడు జంతువు ఉన్న ఒక మామూలు కుటుంబప్పిల్లాడి కథ గియ్యరాదా అని ఎర్జేని అడిగారు. ఎర్జే కాదనలేకపోయాడు. ఆ రోజుల్లో ఆయన ఒక బొమ్మల ప్రకటన పని మీద ఉండగా చేతిలో ఒక కోతిబొమ్మ ఉండేదట. అదే జోకో అయింది.

వరస మొత్తం ఐదు పుస్తకాలు. మొదటి కథలో సముద్రం కింద స్థావరం, పిచ్చి శాస్త్రవేత్త, ఓడలో జనమంతా ఒక్కసారిగా నిద్రలోకి జారిపోవడం లాంటివి ఉన్నాయి. రెండు పుస్తకాల నిండా పరుగే. నాకు అంతగా పట్టలేదు.

రెండో కథ మాత్రం నన్ను కూర్చోబెట్టింది. పంప్ అనే అమెరికన్ కోటీశ్వరుడు, వేగమంటే పిచ్చి ఉన్నవాడు, కారు ప్రమాదంలో పోతాడు. వీలునామాలో కోటి డాలర్లు పెట్టి వెళ్తాడు. పారిస్ నుంచి న్యూయార్క్‌కి గంటకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో ఎగరగల విమానాన్ని ముందు ఎవరు తయారుచేస్తే వాళ్ళకి. గడువు ఏడాది. గడువు దాటితే డబ్బు మేనల్లుళ్ళకి. జో, జెట్‌ల నాన్న లెగ్రాన్ పనిచేసే కంపెనీ ఆ పందెంలో దిగుతుంది. డ్రాయింగులు వేసేది, రాత్రిళ్ళు మేలుకొని లెక్కలు చూసేది లెగ్రానే. మేనల్లుళ్ళు ఊరుకుంటారా? శత్రువులు బాంబులతో విమానాన్ని పేల్చేయబోతుంటే పిల్లలిద్దరూ దాన్ని గాల్లోకి లేపేస్తారు.

ఇది నమ్మశక్యమా అని అడగకండి. నేను లెక్క చూసుకున్నది వేగం గురించి. 1927లో లిండ్‌బర్గ్ న్యూయార్క్ నుంచి పారిస్‌కి ఒంటరిగా ఎగరడానికి ముప్పై మూడున్నర గంటలు పట్టింది. ఎర్జే ఈ కథ గీసింది ఆ తరువాత పదేళ్ళకి. వెయ్యి కిలోమీటర్ల లెక్కన ఆ దూరం ఆరు గంటల లోపే. 1958లో బోయింగ్ 707 ఆ దారిలో తిరగడం మొదలుపెట్టినా, దాని మామూలు వేగం వెయ్యికి కాస్త లోపే ఉండేది. అంటే పంప్ గారి డబ్బు మేనల్లుళ్ళకే దక్కి ఉండేదన్నమాట. అంత దూరం ఊహించినవాడు, విమానం డిజైను పని ఒక తండ్రి ఇంట్లో బల్ల మీద, భార్య తెచ్చిన కాఫీ పక్కన జరిగినట్టు గీశాడు. మా కాలపు ఇంజినీరింగు కూడా అలాంటిదే. డ్రాఫ్టింగు బోర్డు పడగ్గదిలోనే ఉండేది.

చివరి పుస్తకం 'నాగుపాముల లోయ'. ఇది మన దేశపు పొలిమేరల్లో జరిగే కథ అనుకోవాలి. హిమాలయాల్లో గోపాల్ అనే రాజ్యం. (గోపాల్ అంటే మా వీధి చివర పాలబూతు అతని పేరు. అది ఒక రాజ్యం అయ్యేసరికి మనవడూ నేనూ చాలాసేపు నవ్వుకున్నాం.) ఆ రాజ్యపు మహారాజు అచ్చం మారాం చేసే పసివాడు. కోపం వస్తే పక్కనున్న మంత్రిగారి వీపు విమానం మోత మోగుతుంది. మంత్రిగారికి అది అలవాటే. 'తాతయ్యా, మన రాజు ఇట్లా కొడతాడా మంత్రిని?' అని మనవడు సీరియస్‌గా అడిగాడు. మనకి రాజులు లేర్రా, ముఖ్యమంత్రులే అన్నాను. 'వాళ్ళు కొడతారా?' అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు మీ పత్రికలో రాయలేను.

నిజం చెప్పాలంటే నాకు కొంచెం చిరాకూ వేసింది. పాములు, ఫకీర్లు, తిక్క మహారాజు. ఐరోపావాళ్ళు మనల్ని ఊహించుకున్న మూస అంతా ఇందులో ఉంది. టిన్‌టిన్ మొదటి పుస్తకాల్లో ఆఫ్రికావాళ్ళ విషయంలో చేసిన పాపంతో పోలిస్తే ఇది చిన్నదే కావచ్చు, ఒకే చేతిరాత అని మాత్రం తెలుస్తుంది. దాచిపెట్టి మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

అయినా ఆ పుస్తకాన్ని ఎందుకు మూడుసార్లు చదివానంటే, మహారాజు లెగ్రాన్‌ని పిలిపించేది వంతెన కట్టడానికి. అదీ నా సబ్జెక్టు. నేను మారేడుమిల్లి, చింతూరు వైపు ఘాట్ రోడ్ల మీద కల్వర్టులు, చిన్న వంతెనలు కట్టించినవాణ్ణి. లోయలో పని అంటే ఏమిటో తెలుసు. ఈ కథలో టెండరు లేదు, ఎస్టిమేటు లేదు, రివైజ్డు ఎస్టిమేటు అసలే లేదు. మహారాజు కట్టమన్నాడు, ఆయన కట్టాడు. కాంక్రీటు క్యూబులు టెస్టుకి పంపినట్టు ఎక్కడా కనపడలేదు. ఆడిట్ అభ్యంతరాలూ లేవు. అడ్డుపడేవాళ్ళు మాత్రం దండిగా ఉన్నారు, ఆ ఒక్క విషయంలో ఎర్జే మా శాఖని దగ్గరినుంచి చూసినట్టే గీశాడు.

ఈ కథని 1939లో మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. యుద్ధం వచ్చింది. 1950లలో జాక్ మార్టిన్ అనే సహాయకుడితో కలిసి పూర్తిచేశాడు. పుస్తకంగా వచ్చిందీ ఆ దశకంలోనే. ఆ తరువాత ఈ కుటుంబం జోలికి మళ్ళీ వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదో ఆయనే ఒక ఇంటర్వ్యూలో చెప్పుకున్నాడు. ఈ అమ్మానాన్నలతో తనకు చచ్చేంత విసుగు వచ్చిందట. పిల్లలు ఎక్కడికి వెళ్ళినా వీళ్ళు ఏడుస్తూ, వెతుక్కుంటూ వెనకే రావాలి. టిన్‌టిన్‌కి ఆ బెడద లేదు, వాడు హాయిగా ఎటైనా పోగలడు. అందరికీ అనాథగా పుట్టే అదృష్టం ఉండదన్న అర్థంలో ఒక ఫ్రెంచి రచయిత అన్న మాటను ఆ సందర్భంలో గుర్తుచేసుకున్నాడు కూడా.

ఈ సంగతి నేను భోజనాల దగ్గర చెప్పాను. అందరూ నవ్వారు. మా అమ్మాయి గిన్నెలు సర్దుతూ, 'జో నాన్న కూడా వంతెనల ఇంజినీరే కదా. ఆయన పిల్లల్ని గోపాల్‌దాకా తీసుకెళ్ళాడు. నువ్వు మమ్మల్ని రంపచోడవరం కూడా తీసుకెళ్ళలేదు నాన్నా' అంది. మామూలుగానే అంది. సైటులో మలేరియా అమ్మా, అన్నాను. అది నిజమే. 1991లో నాకే రెండుసార్లు వచ్చింది. కానీ ఆ రాత్రి మళ్ళీ పుస్తకం తీసి, ఎర్జేకి విసుగు పుట్టించిన ఆ బొమ్మలన్నీ వెతికి వెతికి చూశాను. కిటికీ దగ్గర నిలబడ్డ తల్లి. టెలిగ్రాం పట్టుకున్న తండ్రి. ఫోను పక్కన కూర్చున్న ఇద్దరూ. పిల్లలు ఈ పేజీలు గబగబా తిప్పేస్తారు, విమర్శకులూ ఇవే ఈ వరసకి పట్టిన చీడ అంటారు. నాకు మాత్రం ఎర్జే గీసినవాటిలో ఎదురుచూడ్డం ఇంత వివరంగా ఉన్న పేజీలు ఇంకెక్కడా కనపడలేదు. టిన్‌టిన్ కోసం ఎవరు ఎదురుచూశారు చెప్పండి?

ఇక రెండో వరస. దీని గురించి చెప్పకపోతే ఉత్తరం రాసి ప్రయోజనం లేదు. 'క్విక్, ఫ్లుప్కె'. ఇద్దరు వీధి కుర్రాళ్ళు. ఒకడికి ఎర్ర స్వెటరు, నల్ల టోపీ. ఇంకొకడికి ఆకుపచ్చ కోటు. టిన్‌టిన్ అచ్చయిన పిల్లల అనుబంధం 'ప్తి వాన్‌తియెమ్'లోనే 1930 జనవరి 23న మొదలయ్యారు, అంటే టిన్‌టిన్ కంటే ఏడాది చిన్నవాళ్ళు. అప్పటికి ఎర్జేకి ఇరవై రెండేళ్ళు. ఆయన సెలవు మీద వెళ్ళొచ్చేసరికి ఆఫీసులో తోటివాళ్ళు వేళాకోళానికి 'వచ్చే వారంనుంచి ఎర్జే కొత్త బొమ్మల కథ' అని ప్రకటన వేసేశారట! నాలుగు రోజుల్లో ఏదో ఒకటి గియ్యక తప్పలేదు. అలా గీసింది దాదాపు పదేళ్ళు నడిచింది, మూడు వందలకు పైగా కథలయ్యాయి. వారానికి రెండు పేజీలు, అందులోనే మొదలు, అందులోనే ముగింపు. దేశాలు తిరగడాల్లేవు, నిధులు లేవు. ఒక వీధి, ఒక చెక్కబండి, 15వ నంబరు బిళ్ళ ఉన్న మీసాల పోలీసు. ఆ పోలీసాయన కూడా ఒక్కోసారి చుట్టూ చూసి, ఎవరూ లేరనుకుని, కుర్రాళ్ళ ఆటలో చెయ్యిపెడతాడు.

ఫ్లుప్కె అనే పేరు నోరు తిరగడం లేదని అల్లుణ్ణి అడిగితే చెప్పాడు. ఫిలిప్‌ని బ్రస్సెల్స్ పాతబస్తీ వాళ్ళు ఫ్లుప్ అంటారట, దానికి 'కె' తగిలిస్తే ముద్దుపేరు. సుబ్రహ్మణ్యం సుబ్బిగాడు అయినట్టు. ఆ పాతబస్తీ పేరు మరోల్. ఎర్జే అమ్మమ్మ అక్కడి మనిషి. ఫ్రెంచీ, ఫ్లెమిష్ కలిసిన అక్కడి యాసే ఆమె మాట. మీ వ్యాసంలో సిల్దావియా అనే కల్పిత దేశం గురించి రాశారు కదా, ఆ దేశపు భాష అని టిన్‌టిన్‌లో పెట్టినదంతా చాలావరకు ఈ మరోల్ యాసనే మెలితిప్పి రాసింది. ప్రపంచమంతా ఏదో తూర్పు ఐరోపా భాష అనుకుని చదువుతుంటే బ్రస్సెల్స్ వీధిలోవాళ్ళు మాత్రం కిసుక్కుమని నవ్వుకుని ఉంటారు.

ఒక శనివారం మరోల్ వెళ్ళాం. కొండ మీద న్యాయస్థాన భవనం ఉంటుంది, దాని పక్కనుంచి అద్దాల లిఫ్టు కింద బస్తీలోకి దింపుతుంది. ఆ భవనానికి మరమ్మతుల కోసం కట్టిన పరంజా నలభై ఏళ్ళ పైబడి అలాగే ఉండిపోయి, చివరికి పరంజాకే మరమ్మతు చెయ్యాల్సి వచ్చిందట. మా శాఖ పనుల్ని వెక్కిరించేవాళ్ళెవరికైనా దారి ఖర్చులు ఇచ్చి చూపించాలనిపించింది. కింద పాత సామాన్ల సంత, చిల్లుగిన్నెల నుంచి పాత ఫొటోలదాకా గుట్టలు పోసి అమ్ముతారు. అక్కడికి దగ్గర్లోనే 'ఎత్తు వీధి' గోడ మీద క్విక్, ఫ్లుప్కెలు నిలువెత్తున ఉన్నారు. బ్రస్సెల్స్ గోడల మీద బొమ్మల కథలు గియ్యడం 1991 నుంచి నడుస్తున్న పని. మనవడు గోడ ముందు నిలబడి ఫొటో దిగాడు. మా ఆవిడ ఆ గోడ చూసి, 'వీళ్ళెవరో మన సుబ్బారాయుడి పిల్లల్లా ఉన్నారే' అంది. సుబ్బారాయుడు మా పాత ఇంటి పక్కవాడు. ఆయన పిల్లలు మా కొబ్బరిచెట్టు ఎక్కని రోజు లేదు.

సంతలో అమ్మాయి ఇంగ్లీషు అనువాదాలు మూడు వెతికి కొనిచ్చింది. టిన్‌టిన్‌ని ఇంగ్లీషు చేసిన లెస్లీ లాన్స్‌డేల్-కూపర్, మైకేల్ టర్నర్ ఇద్దరే జో, జెట్‌లనీ చేశారు. ఇప్పుడవి రాజమండ్రిలో నా బీరువాలో ఉన్నాయి.

క్విక్, ఫ్లుప్కె కథల్లో నాకు మరీ నచ్చినదొకటి చెప్పి ఊరుకుంటాను. అందులో ఈ ఇద్దరూ ఏకంగా ఎర్జేనే ఎత్తుకుపోతారు. బెదిరించి ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. వారం వారం తను చూపిస్తున్నదానికి భిన్నంగా ఈ పిల్లలు బుద్ధిమంతులు, మాట వినేవాళ్ళు అని ఎర్జే ఒప్పుకుంటున్నట్టు ఆ కాగితం. 1930లలో, పత్రికలో, గీసినవాణ్ణే కథలోకి లాగి తన్నినంత పని చేశారు. చిన్నప్పుడు ఎర్జే మహా అల్లరివాడట, చేతికి పెన్సిలిస్తే తప్ప కుదురుగా కూర్చునేవాడు కాదట. టిన్‌టిన్ ఎప్పుడూ మంచివాడు, అందుకే వాడిలో ఎర్జే నాకు కనపడడు. ఈ వీధి కుర్రాళ్ళలో కనపడతాడు. జర్మన్లు 1940 మేలో బెల్జియంలోకి దిగడంతో ఆ అనుబంధం మూతపడింది. టిన్‌టిన్ ఇంకో పత్రికలోకి, అదీ జర్మన్ల చెప్పుచేతల్లో ఉన్న పత్రికలోకి వెళ్ళి బతికాడు. దానికి యుద్ధం తరువాత ఎర్జే మాటలు పడ్డాడు. ఈ ఇద్దరు కుర్రాళ్ళు మాత్రం వెళ్ళలేదు. తరువాత రంగుల్లో తిరిగి గీసిన 'కాంగోలో టిన్‌టిన్' పుస్తకం మొదటి పేజీలో, రైల్వే ప్లాట్‌ఫారం మీద టిన్‌టిన్‌ని సాగనంపే జనంలో చూడండి. అక్కడ నిలబడి ఉంటారు.

లూవేన్-లా-నవ్ అనే ఊళ్ళో ఉన్న ఎర్జే మ్యూజియం గురించి మీరు రాశారు గనక చిన్న మాట. అది 2009లో తెరిచారు. లోపలికి వెళ్ళాలంటే ముందు ఒక కాలిబాట వంతెన దాటాలి, నేను అక్కడే పది నిమిషాలు ఆగిపోయాను. ఆ ఊరు పుట్టుకే విచిత్రం. 1968లో భాషా గొడవల్లో ల్యూవెన్ విశ్వవిద్యాలయం రెండు ముక్కలై, ఫ్రెంచి ముక్క కోసం పొలాల్లో కొత్త ఊరు కట్టారు. లైబ్రరీ పుస్తకాల్ని సరి సంఖ్యలు ఒకరికి, బేసి సంఖ్యలు ఒకరికి అని పంచుకున్నారట. 2014 తరువాత మా శాఖలో ఫైళ్ళూ, పాత జీపులూ పంచుకున్న తీరు చూసినవాణ్ణి, నాకేం ఆశ్చర్యం వెయ్యలేదు. మ్యూజియంలో జో, జెట్‌లకూ, క్విక్, ఫ్లుప్కెలకూ చోటుంది. జనం మాత్రం చంద్రుడి మీదికి వెళ్ళిన రాకెట్టు దగ్గరే.

చివరగా రెండు మనవులు. ఒకటి, ఆ వాక్యానికి సవరణ వెయ్యండి, చిన్న అక్షరాల్లోనైనా సరే. రెండు, మీ పిల్లల పేజీలో విదేశీ బొమ్మల కథలు వేసుకుంటున్నారు కదా, హక్కులు కొనగలిగితే క్విక్, ఫ్లుప్కెల్ని వెయ్యండి. మాటలు తక్కువ, అనువాదం ఖర్చు పెద్దగా ఉండదు. అనువాదం చేసేవారు ఆ పోలీసుకి మాత్రం 'రక్షకభటుడు' అని పెట్టకండి. ఆయన హెడ్డుగారు.

సవరణ వేస్తే ఆ రోజు పేపరు రెండు కాపీలు కొంటాను. ఒకటి ల్యూవెన్‌కి పోస్టు చెయ్యాలి. మనవడికి తెలుగు చదవడం ఇంకా రాలేదు, వాళ్ళమ్మ చదివి వినిపిస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు,
రాజమహేంద్రవరం